పద్నాలుగు ప్లేయర్లు, ఒక మ్యాట్నీ

ప్రతి ఆదివారం పొద్దున్నే ఇంట్లో గడియారాలన్నిటినీ ఒకదానితో ఒకటి సరిచూడటం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుకు అలవాటు. ఆ ఆదివారం కూడా అదే పని పెట్టుకుని, హాల్లో గోడ గడియారం దించి బల్లమీద పెట్టుకున్నాడు. అంతలో తండ్రి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, తాను పదకొండేళ్లుగా అబద్ధాలాడుతున్నానని చెప్పాడు.

ఆ తండ్రి ముప్ఫై నాలుగేళ్లు ఒకే సినిమా హాల్లో బొమ్మ ఆడించినవాడు. హాలు మూతబడి పదకొండేళ్లయినా ఊళ్లో అందరికీ ఇంకా ఆపరేటరే. అన్నేళ్లలో ఒక్క ఆట కూడా ఆలస్యంగా మొదలుపెట్టలేదని చెప్పుకుంటాడు. ఒక్కసారి మాత్రం అయిందని, అది కరెంటు వాళ్ల తప్పని, ఎవరూ అడక్కుండానే ఆ వెంటనే చెబుతాడు.

అబద్ధాలు ఆడింది కెప్టెన్‌తో. కెప్టెన్ అంటే నిజానికి ఓడలో వంటవాడు. గరిట తప్ప చుక్కాని ఎన్నడూ ముట్టుకోకపోయినా స్నేహితులు అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. హాలు మూసేశారని తెలిసిన రోజున, సినిమా లేకుండా వీడెలా బతుకుతాడని బెంగపడి, ఓడ ఆగిన రేవులోనల్లా ఒక సినిమా డిస్కు కొని పంపడం మొదలుపెట్టాడు. ఇప్పటికి ఇరవై రెండయ్యాయి. డిస్కులు చేసేవాళ్లేమో ప్రపంచాన్ని ముక్కలుగా పంచుకున్నారు. ఒక ముక్కలో అమ్మిన డిస్కు ఇంకో ముక్కలో ప్లేయరు తీసుకోదు. ఇంట్లో ఉన్న పాత ప్లేయరు ఇరవై రెండింటినీ ఒక్కొక్కటిగా నోట్లో పెట్టుకుని, ఇది మీ ప్రాంతానిది కాదని తెరమీద ఒక ముక్క చెప్పి, బయటికి ఉమ్మేసింది. కిందటి నెల అదీ చచ్చింది.

ఆ సంగతి కెప్టెన్‌కు చెప్పడానికి ఆపరేటరుకు నోరు రాలేదు. అతను ఫోన్ చేసి “చూశావా, ఎలా ఉంది?” అన్నప్పుడల్లా బ్రహ్మాండం అన్నాడు. ఉత్త బ్రహ్మాండంతో కెప్టెన్ ఊరుకునే రకం కాదు. కథ చెప్పమంటాడు. ఆపరేటరు అట్టమీద బొమ్మ చూసి కథ అల్లేవాడు. ఇంటర్వెల్ ఎక్కడ పడిందో, ఏ సీనులో గుండె బరువెక్కిందో కూడా చెప్పేవాడు.

ఇప్పుడది పీకల మీదికి వచ్చింది. కెప్టెన్ ఓడ దిగాడు. ఊళ్లో ఒక్కరోజే ఉంటాడు. ఇవాళ నాలుగింటికి వస్తానని, తానే ఒక డిస్కు ఎంచి పెట్టిస్తానని, పక్కపక్కన కూర్చుని చూద్దామని నిన్న ఫోన్ చేశాడు. హాల్లో టిక్కెట్లు ఇచ్చిన బుకింగు గుమాస్తానీ, గేట్ కీపర్నీ కూడా పిలిచాడు.

“ఉన్నమాట చెప్పేస్తే సరిపోదా నాన్నా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“సముద్రాలు దాటించి పంపాడురా. ఒక్కటీ చూడలేదని ఏ మొహంతో చెప్పను?”

ఇన్‌స్పెక్టరు గడియారం పక్కన పెట్టేశాడు. తండ్రి భయపడటం అతను ఎప్పుడూ చూడలేదు. అరవై ఏళ్ల స్నేహం ముందు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వస్తుందని ఆ పెద్దాయన నిజంగానే వణుకుతున్నాడు. అన్ని దేశాల డిస్కులూ, అన్ని రకాల డిస్కులూ ఆడే ప్లేయరు మూడున్నరకల్లా ఇంట్లో ఉంటుందని కొడుకు మాట ఇచ్చాడు.

మాట ఇచ్చిన మనిషిని చూసి కోడలికి నమ్మకం కలగలేదు. మిక్సీ కొన్న ఏడాది ఆమెకు బాగా గుర్తుంది. అప్పుడు ఆయన ఐదు షాపుల నుంచి ఐదు మిక్సీలు ఇంటికి తెప్పించి, పదిహేను రోజులు వాటితో రుబ్బించి, మెత్తదనం కొలిచి, నాలుగింటిని వెనక్కి పంపాడు. ఆమె చెయ్యి వేసి పట్టుకోబట్టి ఐదోది నిలిచింది. ప్లేయరు సంగతి విని ఆమె హాల్లో కాస్త చోటు ఖాళీ చేసి పెట్టింది.

ఇన్‌స్పెక్టరు నోటుపుస్తకంలో నిలువు గీతలూ అడ్డగీతలూ కొట్టుకున్నాడు. షాపు పేరుకు ఒక గడి, డిస్కు రకానికి ఒక్కో గడి. ఏడు రకాల డిస్కులు ఏడు, ఒక భూతద్దం, ఒక టేపు సంచిలో వేసుకున్నాడు. పరీక్ష మధ్యలో ఎవరూ కదిలించకూడదని ఫోన్ ఆపేసి బయల్దేరాడు.

తాను ఇన్‌స్పెక్టరునన్న సంగతి ఆదివారాలు అతను మరిచిపోతాడు. వీధి మాత్రం మరిచిపోదు. టీవీలూ ప్లేయర్లూ అమ్మే షాపులు ఆ వీధిలో పద్నాలుగున్నాయి. మొదటి షాపు యజమానే వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఆయన లేచి కుర్చీ వేసి, టీ తెప్పిస్తానన్నాడు. ఇన్‌స్పెక్టరు వద్దన్నాడు. పదహారేళ్ల ఉద్యోగంలో ఏ షాపులోనూ అతను టీ తాగలేదు. వచ్చిన అధికారి టీ తాగితే మందలింపు, తాగకపోతే కేసు అని ఆ వీధి లెక్క. అధ్యక్షుడి గుండెల్లో రాయి పడింది.

ఇన్‌స్పెక్టరు ఒక డబ్బా తలకిందులు చేసి, అడుగున ఉన్న అక్షరాలు భూతద్దంతో చదివాడు. తర్వాత చుట్టూ చూశాడు. తండ్రి పరువు సంగతి కాబట్టి గొంతు తగ్గించి అడిగాడు.

“మీ దగ్గర అన్ని దేశాల డిస్కులూ ఆడే ప్లేయరు ఉందా?”

ఉంది. అధ్యక్షుడి వీపు వెనకాల అరలోనే ఉంది. ఆ షాపులో ఎక్కువగా అమ్ముడయ్యేది అదే. కానీ తూనికల ఇన్‌స్పెక్టరు టీ వద్దని, గొంతు తగ్గించి మరీ అడుగుతున్నాడంటే, ఏదో కొత్త నిబంధన వచ్చిందని ఆయనకు తోచింది. అరకు అడ్డంగా జరిగి నిలబడ్డాడు.

“అబ్బెబ్బే, ఆ దుర్గుణం ఉన్న మిషన్లు మేం పెట్టం సార్. మావి మన దేశం డిస్కు తప్ప ఇంకోటి ముట్టవు.”

ఇన్‌స్పెక్టరు మొహం వాడిపోయింది. అయినా ఒకదాన్ని పరీక్షిస్తానన్నాడు. అధ్యక్షుడు ఏరి కోరి షాపులోకెల్లా పనికిమాలినదాన్ని తెచ్చి పెట్టాడు. అది డిస్కును తీసుకున్నంత వేగంగానూ బయటికి నెట్టేసింది. చూశారా సార్, ఎంత నిజాయితీగా నెట్టేసిందో అని అధ్యక్షుడు పొంగిపోయాడు. ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి నోటుపుస్తకంలో ఒక ఇంటూ గుర్తు పెట్టాడు.

అతను మెట్లు దిగేలోపు ఫోన్లు మోగాయి. రెండో షాపులో మంచి ప్లేయర్లన్నీ అటకెక్కాయి. మూడో షాపులో డబ్బాలమీద ‘అన్ని దేశాలవీ ఆడును’ అన్న స్టిక్కర్లను గోళ్లతో గీకేశారు. అక్కడి నుంచి వీధంతా పోటీ మొదలైంది. ఎవరి ప్లేయరు ఎంత తక్కువ ఆడుతుందో చూపించడానికి సేల్స్‌మన్లు ఎగబడ్డారు. ఎనిమిదో షాపు యజమాని అయితే, తన మిషను మన డిస్కులు కూడా ఆడదని గర్వంగా చెప్పి, పెట్టి చూపించాడు. ప్రపంచంలో ఇంత చేతకాని సరుకు ఒకే వీధిలో ఎలా పోగయిందా అని ఇన్‌స్పెక్టరు విస్తుపోయాడు. ఒంటిగంటకు నోటుపుస్తకంలో పద్నాలుగు ఇంటూలు నిలిచాయి. అన్నం మాట మరిచిపోయి, ఊరికి ఆ చివర ఇంకో రెండు షాపులున్నాయని ఎవరో చెబితే, ఎండలో నడుచుకుంటూ వెళ్లాడు.

వీధిలో షాపులవాళ్లంతా మొదటి షాపులో సమావేశమయ్యారు. నేరమేమిటో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఏదో ఒక దారి చూసుకునేవారు. తెలియని నేరానికి పద్నాలుగు ఇంటూలు పడ్డాయంటే అందరి పైప్రాణాలు పైనే పోయాయి. చివరికి అధ్యక్షుడే ఆలోచన చెప్పాడు. షాపులో టీ ముట్టని మనిషి ఇంటి దగ్గర మెత్తబడవచ్చు. ఆయన నోరు తెరిచి అడిగింది ఒక ప్లేయరు. తలా ఒకటి, ఉన్నవాటిలో మేలైనది పంపుదాం. లంచమని ఎవరూ అనకుండా ‘పరీక్ష కోసం’ అని చీటీ అంటిద్దాం. అందరూ ఒప్పుకున్నారు. ఎందుకైనా మంచిదని ఆయన ఇన్‌స్పెక్టరు పై అధికారికి ఫోన్ చేసి, ఇవాళ్టి తనిఖీకి తమ వీధి అన్నివిధాలా సహకరించిందని కూడా చెప్పాడు. పై అధికారి అప్పుడే భోంచేసి నడుం వాల్చాడు. ఆదివారం తనిఖీ ఏమిటో ఆయనకు అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేస్తే పలకలేదు. ఇక నిద్ర పట్టలేదు.

రెండు గంటలకు మొదటి డబ్బా ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చింది. చీటీ చూడగానే భార్యకు విషయం అర్థమైంది. మళ్లీ మిక్సీల ఏడాది వచ్చింది. ఐదు కాదు, ఈసారి ఎన్నో. ఆ ఇంటి కోడలు కాబట్టి ఆమె తడబడలేదు. రసీదు పుస్తకం తీసి, షాపు పేరు, వచ్చిన టైము వేసి, ‘పరీక్ష నిమిత్తం అందినది, సాయంత్రం తిరిగి ఇవ్వబడును’ అని రాసి సంతకం పెట్టి పంపింది. అలా పద్నాలుగు రసీదులు రాసింది. ఆపరేటరు చొక్కా చేతులు మడిచి, నేలమీద కూర్చుని, వచ్చినదాన్ని వచ్చినట్టు టీవీకి తగిలించాడు. మరీ మొండివైన నాలుగు డిస్కులు దగ్గర పెట్టుకుని, తెరమీద పేర్లు పడితే చాలు తీసేస్తూ, చకచకా పరీక్షించాడు. తొమ్మిదోదిగా వచ్చిన అధ్యక్షుడి షాపు ప్లేయరు నాలుగింటినీ మింగేసి ఇంకా కావాలన్నట్టు చూసింది. టీ సాసరు పెట్టినా ఆడేలా ఉందని మామగారు మురిసిపోతే కోడలూ నవ్వింది.

మూడు నలభైకి ఇన్‌స్పెక్టరు ఉత్త చేతులతో, వేలాడేసుకున్న మొహంతో ఇంట్లోకి వచ్చాడు. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. గోడ వారగా పద్నాలుగు ప్లేయర్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోదాని మీదా తాను పొద్దుట తొక్కిన గడపల పేర్లున్నాయి.

“ఇవన్నీ ఎక్కడివి?”

“మీరు పంపినవేగా,” అంది భార్య. “రసీదులన్నీ జాగ్రత్తగానే రాశాను.”

తాను ఒక్కటి కూడా పంపలేదని చెప్పాక ఆమె మొహం కూడా పాలిపోయింది. పదహారేళ్లుగా టీ చుక్క కూడా ముట్టని మనిషి హాల్లో వీధి వీధంతా కొలువు తీరింది. ఎవరైనా చూస్తే ఉద్యోగం ఊడటం ఒక ఎత్తు, తలెత్తుకు తిరగలేకపోవడం ఒక ఎత్తు. అతను గబగబా తీగలు పీకబోయాడు.

“నాన్నా, ఇవి ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకూడదు.”

ఆపరేటరు తొమ్మిదో ప్లేయరుకు అడ్డంగా కూర్చున్నాడు. “ఒక్క సినిమా ఉండనివ్వరా,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మళ్లీ తీగలు పట్టుకునేసరికి గుమ్మంలో కెప్టెన్ గొంతు వినిపించింది. వెనకే బుకింగు గుమాస్తా, గేట్ కీపరు. ఆపరేటరూ కెప్టెనూ ఒకరినొకరు కావలించుకుని కాసేపు వదల్లేదు. అది చూశాక ఇన్‌స్పెక్టరు తీగల మీంచి చెయ్యి తీసేశాడు. తీసేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

కెప్టెన్ ఇరవై రెండు డిస్కులూ తిరగేసి ఒకటి పైకి తీశాడు. అట్టమీద ఖాళీ గది, అందులో మోకాళ్ల మీద కూర్చుని తల వంచుకున్న ఒక మనిషి.

“నువ్వు ఫోన్లో చెబుతూ ఏడ్చావే, అదే కదూ ఇది? భార్య పోయి, ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయేవాడి కథ. నాకూ ఓడలో కళ్లనీళ్లు ఆగలేదు. ఇది పెట్టు.”

సరిగ్గా నాలుగింటికి ఆపరేటరు బొమ్మ వేశాడు. తొమ్మిదో ప్లేయరు డిస్కును కిమ్మనకుండా తీసుకుంది. ఆయన కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. తెరమీది భాష అక్కడ ఎవరికీ రాదు. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు.

తెరమీది మనిషి ఖాళీ గదిలోకి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, నేలను అరచేత్తో నిమిరాడు. బుకింగు గుమాస్తా అయ్యో పాపం అన్నాడు. ఆ మనిషి జేబులోంచి టేపు తీసి గది పొడవు కొలిచాడు. తర్వాత వెడల్పు కొలిచాడు. గోడమీద పెన్సిల్‌తో ఏదో రాసుకున్నాడు. పది నిమిషాల తర్వాత సిమెంటు బస్తా విప్పి నీళ్లు కలిపాడు. అందరికంటే ముందు ఆపరేటరుకు తెలిసిపోయింది. అది సినిమా కాదు. గచ్చుమీద టైల్స్ ఎలా పరవాలో నేర్పే పాఠం.

ఆయన ఓరకంట కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ తెరమీంచి చూపు తిప్పడం లేదు.

“భార్య ఎప్పుడు పోతుంది?” అన్నాడు గేట్ కీపరు.

“పోయాకే కథ మొదలవుతుంది,” అన్నాడు ఆపరేటరు.

“మరి ఈ టైల్స్ ఎందుకు?”

“బాధ మరిచిపోవడానికి.”

గేట్ కీపరు తల పంకించాడు. ఆపరేటరుకు నుదురంతా చెమట పట్టింది. ఇంకో గంటలో కెప్టెన్ తన వైపు తిరిగి, నువ్వు చెప్పిన చావు ఏది, అమ్ముకున్న ఇల్లు ఏది అని అడుగుతాడు.

ఆ సమయంలో తలుపు కొట్టింది పై అధికారి. ఆదివారం తనిఖీ ఏమిటో తేల్చుకుందామని వచ్చాడు. పక్కనే వర్తక సంఘం అధ్యక్షుడు. ఇన్‌స్పెక్టరు చచ్చాననుకున్నాడు. కానీ వాళ్లకు ఎదురెళ్లింది గేట్ కీపరు. పాత అలవాటు కొద్దీ చేతిలో టార్చి ఉంది. ఆట మొదలైందని, నోరు మూసుకుని దొరికిన చోట కూర్చోమని వాళ్ల కాళ్ల ముందు వెలుగు వేశాడు. పై అధికారితో ఆ గొంతుతో ఎవరూ మాట్లాడి చాలాకాలమైంది. ఆయన చప్పున కూర్చున్నాడు. అధ్యక్షుడు మాత్రం తన షాపు ప్లేయరు పరాయి దేశం డిస్కును అందరి ముందూ అంత హాయిగా ఆడటం చూసి, కుర్చీలో కుంచించుకుపోయాడు.

తెరమీది మనిషి ఒక టైలు పరిచి, మట్టం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపి, దాన్ని పెకలించేశాడు. పై అధికారి ముందుకు వంగాడు.

“చూడవయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. “వెంట్రుకవాసి తేడా వచ్చిందని పీకేశాడు. కొలత అంటే అలా ఉండాలి.”

ఇన్‌స్పెక్టరు కూడా తన ఉద్యోగం మాట మరిచిపోయి చూస్తున్నాడు. ఆ గదిలో ఆ బొమ్మను మనస్ఫూర్తిగా చూస్తున్నవాళ్లు వాళ్లిద్దరే.

గది నేల పూర్తయ్యేసరికి ఆపరేటరు బొమ్మ ఆపి లైటు వేశాడు. తన ఆటకు ఇంటర్వెల్ లేకుండా ఆయన ఉండలేడు. విచారణ ఆ ఇంటర్వెల్లోనే జరిగింది. పై అధికారి గోడ వారనున్న ప్లేయర్లను ఒక్కసారి చూసి, ఇవేమిటని అడిగాడు. ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక ప్లేయరు కొనుక్కుందామని వెళ్లానన్నాడు. పద్నాలుగు షాపుల పేర్లు, ప్రతి పేరు ఎదుటా ఇంటూ ఉన్న నోటుపుస్తకం తిరగేసి, కొనేవాడు ఇలా రాస్తాడా అని పై అధికారి కసిరాడు. అప్పుడు భార్య రసీదుల నకళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది. షాపు, టైము, కారణం, సంతకం. ఒక్క కొట్టివేత లేదు.

“మన ఆఫీసులో ఇంత శుభ్రంగా ఎవరూ రాయరు,” అన్నాడు పై అధికారి. “సాయంత్రం తిరిగి ఇస్తామని రాశారు. ఇచ్చేయండి. ఇందులో తప్పేముంది?”

ఆపరేటరు గంట కొట్టాడు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. రెండో సగంలో ఆ మనిషి స్నానాల గది మొదలుపెట్టాడు.

బొమ్మ అయిపోగానే పై అధికారి చప్పట్లు కొట్టాడు. ఇన్‌స్పెక్టరు ధైర్యం తెచ్చుకుని, తొమ్మిదో ప్లేయరు తనకు కావాలని, బిల్లు రాయమని అధ్యక్షుణ్ణి అడిగాడు. పై అధికారి ఎదురుగా ఒప్పుకుంటే మొదటికే మోసమని అధ్యక్షుడికి అనిపించింది. ఇది అన్ని దేశాలవీ ఆడే రకం కాదు సార్, ఇవాళ ఏదో పొరపాటున ఆడింది అని ఒట్టేసి, ప్లేయరును చంకలో పెట్టుకుని గబగబా మెట్లు దిగాడు. మిగతా పదమూడు కూడా అరగంటలో ఎవరివి వాళ్లకు చేరాయి. హాలు పొద్దున్న ఎలా ఉందో అలా అయింది.

కెప్టెన్ చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దగ్గర వంగాడు. ఇప్పుడే చెప్పేద్దామని ఆపరేటరు నోరు తెరిచేలోపు కెప్టెన్ లేచి, చేతి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఓడలో చూసినప్పటికంటే ఇవాళే ఎక్కువ బాధ కలిగిందిరా,” అన్నాడు.

ఆపరేటరు అతని మొహంలోకి చూశాడు. ఇందులో భార్య లేదు, చావు లేదు, అమ్ముకున్న ఇల్లూ లేదు. ఇది ముందే చూసినవాడైతే, ఇందాక ‘భార్య పోయినవాడి కథ, నాకూ కళ్లనీళ్లు ఆగలేదు’ అనేవాడు కాదు. ఇదే కాదు, ఇరవై రెండింటిలో ఏదీ వీడు కూడా చూసి ఉండడు. ఏ రేవులోనో గంటసేపు దిగి, అట్ట చూసి కొని, నా కోసం పోస్టులో వేసి, మళ్లీ గరిట పట్టుకుని ఉంటాడు. పదకొండేళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆపరేటరుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన స్నేహితుడు ఎంత మంచివాడో, ఎంత అబద్ధాలకోరో ఇన్నాళ్లకు తెలిసినందుకు పట్టరాని సంతోషం కలిగింది. అతని భుజమ్మీద చెయ్యి వేసి వీధి మలుపు దాకా నడిచాడు.

మలుపు దగ్గర కెప్టెన్ ఆగాడు. “దీనికి రెండో భాగం కూడా ఉందట. ఈసారి వెతికి తెస్తాను,” అన్నాడు.

“తప్పకుండా తీసుకురా. మొదటిదానికంటే రెండోదే బాగుందని విన్నాను,” అన్నాడు ఆపరేటరు.